అచ్చుమాటయు లోకుల నమ్మకమును

అచ్చులో నున్న మాట నిజమై యుండునని మనవారిలో పెక్కుమంది తలంతురు. ఇరువురు వాదులాడుకొనునప్పుడు ఒకడు పుస్తకమో పత్రికయో తెచ్చి విప్పి చూపినచో రెండవవాని నోరు మూతపడును. ఆ రెండవవాడే మరియొకనాడు తనకు గిట్టని సంగతి యచ్చులో గనబడినప్పుడు, కాగితమునకేమి, యేమి వ్రాసినను మోయునని పెదవి విరుచును. ఈ రెండు గుణములును ఒక్క మనుజునియందే కాపురముండుట విచిత్రము. మొదటిది గ్రుడ్డినమ్మకము, రెండవది గ్రుడ్డి యపనమ్మకము. రెండింటను విచారణ లేదు. విచారణ లేనిచోట అచ్చు మేలు చేసినను కీడు చేసినను అది కాకతాళీయమే.

అచ్చుయంత్రము సత్యమును పుట్టింపజాలదు. ఉన్న మాటను వేయి ప్రతులుగా చేయుట మాత్రమే దాని పని. అబద్ధమైనను అంతే శ్రద్ధతో వేయి చేయును. అట్లయిన అచ్చుమాటకు గౌరవ మెట్లు వచ్చెను? తమ పేరు చెప్పి, తాము చూచిన యాధారమును చూపి, తమ యెరుక యెంతవరకో దాచక యొప్పుకొన్న కొందరు మనుష్యులవలన వచ్చెను. ఈ మూడు ధర్మములు మనదేశమున నెట్లు నెలకొన్నవో, ఎక్కడెక్కడ తప్పినవో, తెలుగు ముద్రణచరిత్రనుండి, అందును వీలైనంతవరకు విశాఖపట్టణపు తీరప్రాంత చరిత్రనుండి, చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఆ తీరముననే, నేటి అనకాపల్లి జిల్లాలోని నక్కపల్లి మండలమున, రాజయ్యపేట యను మత్స్యకారుల గ్రామము గలదు. అచటివారికి ఈ ప్రశ్న పండితుల ముచ్చట కాక బ్రదుకుతెరువుల ముచ్చటయైనది. ఆ సంగతి చివర విన్నవించెదను.

అచ్చు రాకముందు మన గ్రంథములు తాటాకులపై గంటముతో వ్రాయబడుచుండెను. గ్రంథము ముగిసినపిదప వ్రాయసకాడు తన పేరును, ఊరును, సంవత్సర మాస తిథులను, ఎవరి నిమిత్తము వ్రాసెనో ఆ సంగతియు చేర్చి, తాను చూచిన మూలమునం దెట్లుండెనో యట్లే వ్రాసితిననియు, తప్పులున్న పెద్దలు మన్నించి దిద్దుకొనవలసినదనియు వేడుకొనుట పలుచోట్ల ఆచారము. ఆ పద్ధతిలో దోషములు లేకపోలేదు. ప్రతికిని ప్రతికిని పాఠము మారుచుండెను. దిద్దిన చేయి పండితునిదైన మేలు, కానినాడు మూలమే చెడును. ఐనను ప్రతి ఎవరి చేతినుండి వచ్చినదో చదువరికి తెలియుచుండెను. తప్పుండవచ్చునని ప్రతియే చెప్పుచుండెను. ఈ వినయమును మనము తాటాకులతోపాటు అటకపై పారవైచితిమా యని యాలోచింపవలసియున్నది.

తెలుగు పుస్తకములు మొట్టమొదట నచ్చుపడినది తెలుగుదేశమున గాదు. చెన్నపట్టణమున మతప్రచారము చేసి స్వదేశమునకు మరలిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదిరి, 1746, 1747 సంవత్సరములలో హాల్లె నగరమున కొన్ని చిన్న తెలుగు మతగ్రంథములను ముద్రింపించెను. తెలుగు చదువగలవారు లేని యూరిలో తెలుగు ముద్రణ జన్మించెను! ఆరుపదుల యేండ్లకు ఈ పని మన తీరమున కాలు మోపినది. 1805లో లండన్ మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అను నిరువురు విశాఖపట్టణము చేరిరి. క్రైస్తవమును స్వీకరించిన ఆనందరాయరను బ్రాహ్మణుడు వారికి భాషాంతరీకరణమున తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను గతించిరి. వారు సిద్ధపరచిన మూడు సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరాంపురమున నచ్చుపడెను. ఆ యేడే మార్చి 11వ తేదీని ఆ ముద్రాశాల తగులబడి, అనేక భాషల యక్షరములును వ్రాతప్రతులును బూడిదయ్యెను. ఐనను వారు మరల పోతపోయించి పని సాగించిరి; విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. 1812లోనే చెన్నపట్టణమున దొరతనమువారు తమ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై సెంట్ జార్జికోట కళాశాలను స్థాపించిరి. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణ మచటనే ప్రకటితమయ్యెను.

ఇందొక విశేషమున్నది. తెలుగు ముద్రణ తొలినాళ్లలో ముఖ్యముగా రెండు చేతులలో నుండెను: ఒకటి మతబోధకులది, ఒకటి ప్రభుత్వముది. ఒకరు మతము మార్పించుటకును, ఒకరు పన్నులు, కోర్టులు, చట్టములు నడపుటకును అచ్చును వాడిరి. ఇట్టి స్థితిలో సామాన్య గృహస్థునకు అచ్చుకాగితముపై భయమో సందేహమో కలుగుట సహజమేగాని మౌఢ్యము గాదు. ఒక మాటను ఎవరు, ఎందులకు అచ్చువేసిరని యడుగుట అప్పుడును న్యాయమే, ఇప్పుడును న్యాయమే.

ఈ సందేహమును తీర్చు మార్గములలో మొదటిది ఆధారమును చూపుట. ఈ విషయమున చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర చేసిన పని మరువరానిది. ఆయన కడపలో పండితులను జీతములిచ్చి నియమించి, దేశము నలుమూలలనుండి తాళపత్రప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు లేకున్న ఆ పని సాగకపోయెడిది. 1829లో వేమన పద్యములు బ్రౌను కూర్పున నచ్చుపడెను. 1839లో పెంచిన కూర్పు వెలువడెను. అచ్చుచే కలుగు లాభమును ప్రమాదమును రెండును ఇచ్చట గానవచ్చును. జనుల నోట నానుచు మారుచుండిన పద్యములు అచ్చుచే నిలిచినవి. కాని ఒకమారు అచ్చులో వేమనవని పడిన పద్యము, నిజముగా వేమనది గాకున్నను, ఇక వేమనదే యగును. తాటాకులో పడిన తప్పు ఒక యింటిని చెరుచును. అచ్చులో పడిన తప్పు దేశమంతయు తిరుగును. కావుననే ప్రతులను పోల్చుట పండితుల వినోదముగాక, చదువరులయెడ చూపవలసిన న్యాయమైనది.

తెలుగక్షరముల స్వభావమును ఎరిగినవారికి ఈ న్యాయ మెంత కష్టసాధ్యమో తెలియును. గుణింతములును ఒత్తులును గలసి మన కేసులలో వందలకొలది అచ్చుముక్కలుండును. సీసపు ముక్కపై అక్షరము తలక్రిందై అద్దములోనివలె కనబడును. తలకట్టు కొంచెము జరిగినచో ప కాస్త వ యగును, పరము వరమగును. అందుచే మంచి ముద్రాశాలలు ప్రూఫులను పలుమారులు చదివించుచుండెను; అప్పటికిని మిగిలిన దోషములను తప్పొప్పుల పట్టికగా గ్రంథమునకు జేర్చుచుండెను. తప్పొప్పుల పట్టికను చూచి నవ్వువారు గలరు. నా యెన్నికలో అది పుస్తకమునకు గల గొప్ప భూషణము. తాటాకు వ్రాయసకాని వినయము అచ్చులో నిలిచిన చోటు అదియే. 1854లో చెన్నపురిని వావిళ్ళ రామస్వామిశాస్త్రులుగారు స్థాపించిన ముద్రాశాల ఈ శ్రద్ధచేతనే పేరుపొందెను. వావిళ్ళవారి ప్రతియని చెప్పిన చాలును, పాఠము నమ్మదగినదని పండితులును పామరులును తలంచెడి కాలమొకటి వచ్చెను. అట్టి పేరు పలువురు పండితులు కన్నులు కాయలు గాచునట్లు అక్షరమక్షరము చూచుటవలన సంపాదింపబడినది.

ఆధారమును దాచుటవలన నేమగునో అదే ముద్రాశాల ప్రకటించిన మరియొక గ్రంథముచే తెలియును. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున నుండిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1887లో పైడిపాటి వేంకటనరసుగారు ప్రకటించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి పోల్చిచూడగా, అచ్చుప్రతిలో పీఠికాభాగములు కొన్నియు, పద్యములు కొన్నియు లేకుండుట కనబడెను. ఆమె పరిష్కరించిన ప్రతిని వావిళ్ళవారు 1910లో ప్రచురించిరి. 1911లో దొరతనమువారు అశ్లీలమను కారణమున ప్రతులను పట్టుకొనిరి. పిదప విధించిన నిషేధము 1947లో ప్రకాశం పంతులుగారి చొరవచే తొలగెను. ఆ కావ్యము ఇండ్లలో చదువదగినదా కాదా యను వాదము వేరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారే ఆ కవయిత్రిని కఠినముగ నిందించియున్నారు. సంస్కారాభిమానులలోనే ఈ విషయమున భిన్నాభిప్రాయములుండెను. కాని చదువరికి చెప్పకుండ తీసివేయుట మాత్రము ఏ పక్షమువారికిని ధర్మము కాదు. ఇన్ని పద్యములు విడిచితిమి, ఇందుచేత విడిచితిమి అని చెప్పినచో చదువరి తన బుద్ధికొలది నిర్ణయించుకొనును. చెప్పకున్నచో అతని నమ్మకమును దొంగిలించినట్లే.

రెండవ ధర్మము పేరు చెప్పుట. 1835లో మెట్కాఫ్ ప్రభువు కాలమున వచ్చిన చట్టము, అచ్చుకూటములకు ముందుగ ననుమతి పొందవలెనను నిర్బంధమును తొలగించి, ముద్రాపకుడును ప్రకాశకుడును తమ పేర్లు తెలుపవలెనని విధించెను. 1867 సంవత్సరపు 25వ చట్టము ఈ నిబంధనను గట్టిపరచెను: ప్రతి పుస్తకముమీదను ముద్రాపకుని పేరు, ముద్రించిన యూరు, ప్రకాశకుని పేరు స్పష్టముగ నుండవలెను, ప్రతులను ప్రభుత్వమునకు పంపవలెను, మూడేసి నెలలకు వాని పట్టికను గెజిటులో ప్రకటింపవలెను. 1857 తరువాత వచ్చిన యీ చట్టమునందు ప్రజలపై నిఘాయుంచు నుద్దేశమును గలదు, దానిని మరువరాదు. ఐనను దానివలన చదువరులకొక లాభమును గలిగెను. మనదేశమున ఆకాశరామన్న యర్జీలకు కొదువ లేదు; కాని ఆకాశరామన్న అచ్చుకూటము పెట్టుటకు వీలులేకపోయెను. పుస్తకము వెనుక నొక మనుజుడును ఒక యూరును ఉండెను. తప్పు వ్రాసిన వాని వాకిటికి పోయి యడుగవచ్చును, కోర్టున నిలువబెట్టవచ్చును. 2024 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ఈ పాతచట్టమును తొలగించెను. అది పత్రికల నమోదుకు సంబంధించినదే కాని, పుస్తకములకు వర్తింపదు. నూటయేబదియారేండ్లు పుస్తకముల నంటిపెట్టుకొని యున్న ఆ నిబంధన ఎవరును గమనింపకుండగనే పోయినది. ఇప్పుడు పేరుంచుట ఆచారముగ మిగిలినది. ఆ యాచారమును నిలుపవలసినవారు చదువరులే.

పేరు చెప్పి నిలుచుట యననేమో పంతొమ్మిదవ శతాబ్దపు పత్రికలు చూపినవి. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని ప్రారంభించి, ఉద్యోగుల లంచగొండితనమును, వేశ్యల పొందును గౌరవముగ నెంచు పెద్దమనుష్యుల నడతను, బాల్యవివాహములను, వితంతువుల దుర్దశను గూర్చి వ్రాసిరి. ఆయనకు ప్రతిపక్షముగ కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషాసంజీవని పూర్వాచారమును సమర్థించెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరుగునాటికి, ఆ విషయమున ఇరుపక్షముల వాదములును అచ్చులో జనులముందుండెను. దీనివలన గొప్ప మార్పు కలిగినది. అచ్చుమాటకు ఎదురుగ మరియొక అచ్చుమాట నిలిచినప్పుడు, అచ్చైనది కావున నిజమని తలంచుటకు వీలులేదు. చదువరి తూచిచూడక తప్పదు. మనయిండ్లలో విచారణాబుద్ధి పుట్టినది ఆనాటి పత్రికల తగవులాటలలోనే యనిన అతిశయోక్తి కాదు.

ఇక మూడవ ధర్మము, అన్నింటికంటె నరుదైనది: తన యెరుక యొక్క హద్దును చెప్పుట. దీనికి ఉత్తమోదాహరణము మన తీరమువాడే యిచ్చెను. నక్కపల్లికి పొరుగుననున్న సర్వసిద్ధి రాయవరమున 1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిరి. 1897లో అచ్చైన కన్యాశుల్కము తొలికూర్పునకు ఆయన ఆంగ్లమున నొక పీఠిక వ్రాసిరి. విజయనగర మహారాజు ఆనందగజపతివారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టికలు తయారుచేయించిరనియు, మూడు సంవత్సరములలో 1,034 వివాహములు నమోదైనవనియు, అనగా సంవత్సరమునకు సగటున 344 అనియు, అందులో ప్రకటించిరి. ఆ పిల్లలలో తొంబదితొమ్మండ్రు అయిదేండ్లవారు, నలువదినలుగురు నాలుగేండ్లవారు, ముప్పదియార్గురు మూడేండ్లవారు, ఆర్గురు రెండేండ్లవారు, మువ్వురు ఏడాదిబిడ్డలు. ఆ యేడాదిబిడ్డల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు.

ఈ లెక్కను చదివి గుండె కలుక్కుమననివాడుండడు. కాని నేను చూపదలచినది దానిప్రక్కనే యున్న మరియొక సంగతి. ఆ పట్టికలు సమగ్రములు కావనియు, శుల్కము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనుటకు జనులు వెనుదీయుదురు కావున పూర్తిగ నమ్మదగినవియు కావనియు, ఐనను శ్రద్ధతో సేకరింపబడుటచే చాలవరకు సరియైనవిగ గ్రహింపవచ్చుననియు అప్పారావుగారే ఆ పీఠికలో చెప్పిరి. దురాచారమును ఖండింప బూనినవాడు లెక్కను పెంచి చెప్పుట తేలిక. సందేహమును దాచుట మరింత తేలిక. ఆయన రెండును చేయలేదు. ప్రతిపక్షి చూపగల లోపమును తానే ముందుగ చూపెను. అందుచే ఆ 1,034 అను సంఖ్య నూరేండ్లు దాటినను తలయెత్తుకొని నిలిచియున్నది. సంస్కారము కోరువారు నేర్చుకొనవలసిన పాఠమిది: మంచిపనికొరకైనను హెచ్చించి అచ్చువేసిన లెక్క, ఒకనాడు బయటపడి ఆ మంచిపనినే చెరుచును.

అచ్చుమాటను నమ్మించు మరియొక బలము గలదు. అది చదువరి స్వానుభవము. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండగా దూబగుంట గ్రామపు స్త్రీలు తమ వాచకములో సారాయివలన చెడిన సంసారముల సంగతి చదివిరి. ఆ మాటను వారు నమ్మినది అచ్చులో నుండుటచే గాదు; తమ యింటిలో జరుగుచున్నదే పుస్తకములో కనబడుటచే. ఊరి సారాయంగడి మూతపడెను. ఆ యుద్యమము 1992లో ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. అక్షరములు కొత్తగ కూడబలుకుకొన్నవారు పండితులకంటె ఎక్కువ శ్రద్ధతో చదివిరి. ఏలనన వారు చదివినదానిని తమ బ్రదుకుతో పోల్చిచూచిరి.

ఇప్పుడు రాజయ్యపేటకు వత్తము. నక్కపల్లి మండలమున ఔషధముల మూలద్రవ్యములను తయారుచేయు బల్క్ డ్రగ్ పార్కునకు 2025 జనవరి 8వ తేదీని ప్రధానమంత్రి విశాఖపట్టణమునుండి శంకుస్థాపన చేసిరి. ఆ సంవత్సరముననే రాజయ్యపేట మత్స్యకారులు, సముద్రము చెడి తమ వేట పోవునను భయముతో, దాని నెదిరించి ఆందోళన సల్పిరి. పరిశ్రమ వలసినదా కాదా, ఎవరి వాదము న్యాయమైనది యని తీర్పుచెప్పుట ఈ వ్యాసమునకు పనికాదు. ఇట్టి సందర్భములలో అచ్చుమాట స్థానమేమో చూడుడు. 2013 సంవత్సరపు భూసేకరణ చట్టము ప్రకారము ప్రకటన గెజిటులోను, ఆ ప్రాంతమున చెల్లుబడియగు రెండు దినపత్రికలలోను పడవలెను. వానిలో నొకటి ప్రాంతీయభాషాపత్రిక కావలెను. 2006 సంవత్సరపు పర్యావరణ ప్రకటన ప్రకారము బహిరంగవిచారణకు ముప్పది దినములకు తక్కువగాకుండ ముందు పత్రికలలో తెలుపవలెను. పర్యావరణముపై కలుగు ప్రభావమును గూర్చిన నివేదికకు సంగ్రహము స్థానికభాషలో నుండవలెను. సంపూర్ణ నివేదిక స్థానికభాషలో నుండి తీరవలెనను నిర్బంధము లేదు.

అనగా చట్టము దృష్టిలో అచ్చుపడినచో తెలియజేసినట్లే. కాని తెల్లవారకముందే తెప్పలు తోసుకొని పోవువానికి, పత్రికలో నేడవ పుటలో చిన్న యక్షరములతో పడిన ప్రకటన తెలిసినట్లగునా? సంగ్రహము తెలుగులోను, లెక్కలు ఆంగ్లములోను ఉండినచో, ఆ లెక్కలను తన సముద్రముతో నెట్లు పోల్చి చూచుకొనును? పేరు, ఆధారము, హద్దు అను మూడును పల్లెవానికి తెలియు భాషలో చెప్పనిచోట, అచ్చుకాగితము అతనికి మరల 1812 నాటి దొరతనపు కాగితమే యగును. నమ్మకము లేదని అతనిని నిందించుట తగదు. నీటిని కొలిచినదెవరు, ఏ నెలలో కొలిచిరి, ఎన్నిచోట్ల కొలిచిరి, ఏది కొలువలేకపోయిరి యని గురజాడవారివలె నిష్కపటముగ తెలుగున అచ్చువేసి యూరూర చదివి వినిపించినచో, సమ్మతి కలుగునో లేదో చెప్పలేము. కాని సంభాషణము కలుగును. ఆందోళన చేయువారి కరపత్రములకును ఇదే ధర్మము వర్తించును.

నేటి కాలమున ఈ ప్రశ్న మరింత కఠినమైనది. సీసపుముక్కలు పోయినవి, చేతిలోని ఫోనులో ఎవరైనను ముత్యములవంటి యక్షరములతో ఏమాటనైనను క్షణములో లక్షమందికి పంపవచ్చును. యంత్రములే వాక్యములు కూర్చు దినములు వచ్చినవి. అక్షరములు ఎంత యందముగ నుండునో, వెనుక మనుజుడు అంత కనబడకున్నాడు. అచ్చుకూటము పెట్టలేని ఆకాశరామన్నకు ఇన్నాళ్లకు కోరిక తీరినది.

కావున గృహస్థులకు నా మనవి యిది. ఇంటికి వచ్చిన యే కాగితమునైనను, ఫోనులో వచ్చిన యే సందేశమునైనను చదివినప్పుడు, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్న లడుగుడు: ఇది చెప్పినవాడెవడు? దేనిని చూచి చెప్పెను? తనకు తెలియనిదేమో చెప్పెనా? ఈ మూడింటికిని సమాధానము దొరకిన మాట, మనకు రుచింపకపోయినను, ఆదరింపదగినది. దొరకని మాట, మన పక్షముదైనను, మరియొకరికి అందింపదగినది కాదు. మన పెద్దలు నూరేండ్లు శ్రమించి అచ్చుమాటకు సంపాదించిపెట్టిన గౌరవమును కాపాడుట ప్రభుత్వమునకును పత్రికలకును మాత్రమే విడిచిపెట్టవలసిన పని గాదు. అది చదువు వచ్చిన ప్రతి యింటి పని.